కుర్చీలో కూర్చున్న చుట్టం

మహబూబాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మోకాలి ఆపరేషన్ అయి ఇరవై రోజులైంది. నన్ను చూసుకోవడానికి ఒక ఆఫీసు నుంచి ఒక పిల్ల వస్తుంది. మెడలో ఫొటో ఉన్న కార్డు, భుజానికి సంచి. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఐదింటికి పోతుంది. ఆమెకు ఇవ్వాల్సింది మా అమ్మాయి ఫోన్లోనే ఆ ఆఫీసుకు వేస్తుంది.

మొన్న ఆ పిల్ల నా కాళ్ళు తుడుస్తుంటే గేటు చప్పుడైంది. ఎవరో బయట చెప్పులు విడుస్తున్నారు. నేను గబుక్కున ముందుకు వంగి ఆమె చేతిలోని తడిగుడ్డ గుంజుకోబోయాను. కుట్లు కలుక్కుమన్నాయి.

"ఏందవ్వా? ఏం గావాలె?" అంది పిల్ల.

"ఎవరో వస్తున్నరు బిడ్డా."

"వస్తే రానీ. నా పని నేను చేస్తున్న. నువ్వు గట్ల వంగకు, డాక్టర్ సార్ నన్ను తిడ్తడు."

వచ్చింది పై అంతస్తులో ఉండే ఆమె. నన్ను పలకరించింది, పిల్లను పేరు పెట్టి "తిన్నవా?" అని అడిగింది, కాసేపు కూర్చుని పోయింది. ఏమీ కాలేదు. ఆ పిల్ల నా పాదాల వేళ్ళ మధ్య తుడవడం ఒక్క నిమిషం కూడా ఆపలేదు.

నా చెయ్యి ఆ తడిగుడ్డ మీదికి ఎందుకు పోయిందో నాకు తెలుసు. జనగామలో మా అత్తకు పక్షవాతం వచ్చిన రోజుల్లో పడిన అలవాటు అది. అప్పుడు మా ఇంటికి రోజూ వచ్చిన మనిషి చనిపోయి ఈ వానాకాలానికి రెండేళ్ళు. ఆమె పేరు రాయను. బతికున్నప్పుడు నలుగురిలో ఆమె ఎవరో చెప్పనిదాన్ని, ఇప్పుడు ఏ ముఖంతో పేరు రాస్తాను?

నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఉర్దూలో అక్క అని. ఆమె నన్ను అక్కా అనేది. మాలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. పుట్టినరోజులు రాసిపెట్టే ఇళ్ళల్లో మేము పుట్టలేదు.

మా అత్త మంచాన పడ్డప్పుడు దవాఖానలో ఉన్న పదకొండు రోజులూ మా మరిది ఉద్యోగం మీద నడిచాయి. అతనికి చెల్పూరు కరెంటు ప్లాంటులో కొలువు. కార్డు చూపిస్తే మందులు, మంచం, పరీక్షలు అన్నీ అయ్యాయి. ఇంటికి తెచ్చాక ఏ కార్డూ పనిచేయలేదు. పక్క మార్చడానికి, కడగడానికి, గంజి తాగించడానికి కార్డు ఉండదు. దానికి కోడలు ఉంటుంది.

మరిది మంచివాడే. "చేసేది నువ్వు వదినా. పైసలన్న నేను పంపుత" అన్నాడు. నెలనెలా పంపాడు. అతని భార్య చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "మా అక్క ఉన్నది కాబట్టి అత్తమ్మ బతికింది" అని చెప్పేది. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా ఒళ్ళు పొంగేది. రెండు నెలలకు నా నడుము పట్టేసింది. అత్తను లేపడం నా వల్ల కాలేదు. ఆ సంగతి మరిదికి చెప్పలేదు. మా ఆయన మోటార్లు చుట్టే షాపు దగ్గర ఎవరో చెబితే ఆపాను తీసుకొచ్చాడు. మరిది నేను చేస్తున్నందుకు పంపిన దాంట్లోంచే ఆమెకు జీతం ఇచ్చాను.

ఆమెది జఫర్‌గఢ్. రేగొండకు ఇచ్చారు. భర్త పోయాక, పిల్లల్లేరు, తిరిగి తమ్ముని దగ్గరికి వచ్చింది. తమ్ముడు బట్టలు కుట్టేవాడు. అతనికి బరువు కావద్దని జనగామలో ఒక గది కిరాయికి తీసుకుని, మంచాన పడ్డవాళ్ళకు చేసిపెట్టేది.

మొదటి రోజు నేను గుమ్మంలోనే ఆపి చెప్పాను. "ఆపా, నువ్వు పనికి వస్తున్నవని వాడల తెల్వద్దు. కన్నతల్లి లెక్క చూసుకునే అత్తకు మంది చేత చేయిస్తున్నదంటరు."

ఆమె నవ్వింది. కింది పన్నొకటి లేదు, ఆ సందులోంచి నవ్వు ముందు కనిపించేది.

"తెల్వదక్కా. ఈ ఊర్ల నేను చుట్టాన్ని గాని ఇల్లు లేదు. ఒకతాన సారు దోస్తు చెల్లెను. ఒకతాన మేడమ్ తోటి చదువుకున్నదాన్ని. బడి మొకం జూడలె, చదువుకున్ననంట! మీ తాన ఏం గావాలె చెప్పు, అదే అయిత."

మా ఆయన స్నేహితుని చెల్లెలని చెప్పాలనుకున్నాం. పొద్దుపోక వచ్చి కూర్చుని పోతుందని చెప్పుకున్నాం.

పనిలోకి దిగితే ఆ నవ్వు ఉండేది కాదు. ముందు రెండు అరచేతులూ రుద్దుకునేది, చలికాలమైతే చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకునేది. తరువాత అత్త చెవి దగ్గర వంగి, "అవ్వా, చెయ్యి వేస్తున్న" అనేది. ఆ తరువాతే ముట్టుకునేది. అత్త నిద్రలో ఉన్నా అంతే.

"నిద్రపోయే మనిషికి చెప్పుడెందుకు ఆపా?" అన్నానొకసారి.

"నిద్రల నిన్ను ఎవరన్న ముట్టుకుంటే నీకెట్లుంటది?" అంది.

చచ్చుబడిన ఎడమచేతితో ఆమెకు రోజూ పేచీ. దాన్ని పైకెత్తి నూనె రుద్దుతూ, "ఏం దొరసానీ, ఇంక లేవవా? కుడిచెయ్యి లేచి అన్నం తినొచ్చింది. కాళ్ళు కూడ కదిలినయి. నీదొక్కదానిదే నిద్ర" అని కోప్పడేది. అత్త సగం నోటితో నవ్వేది. మొదటి వారం అత్త ఆమె చేతి నీళ్ళు తాగలేదు, మొహం గోడకు తిప్పుకుంది. ఆపా చెంబు నా చేతికిచ్చింది. నెల తిరిగేసరికి అత్త వంకరపోయిన నోటి నుంచి అందరికీ అర్థమయ్యేట్టు వచ్చిన మొదటి మాట "ఆప".

ఇక గేటు సంగతి. మా గేటుకు ఇనుప గొళ్ళెం. ఎవరు తీసినా టంగుమనేది. ఆ చప్పుడుకు అత్త కింద పెట్టే తట్ట ఆపా చేతిలోంచి నా చేతిలోకి వచ్చేది. నడుముకు దోపుకున్న కొంగు జారేది. రెండు అడుగుల్లో ఆమె ప్లాస్టిక్ కుర్చీలో ఉండేది, కాలు మీద కాలు వేసుకుని. తలుపు తెరుచుకునేసరికి నేను తట్ట పట్టుకుని, చెమటతో నిలబడి ఉండేదాన్ని.

ఎక్కువగా వచ్చేది ఎదురింటామె. "అయ్యో వదినా, ఎంత చేస్తున్నవ్ తల్లీ. ఈ కాలంల ఎవరు చేస్తరు గిట్ల?" అనేది.

కుర్చీలోంచి ఆపా అందుకునేది. "నేను రోజు చెప్తనే ఉన్న చెల్లె, జర ఆరాం తీస్కొమ్మని. ఇంటదా ఈమె?"

"మీకు పనేం ఉండదా ఆపా, రోజు వస్తరు?"

"నాకేం పని? వరంగల్‌ల నా పేరు మీద రెండు మడిగెలున్నయి. దుకాణాలోళ్ళ కిరాయి వస్తది, తింట, కూసుంట. కూసొని కూసొని కాళ్ళు గుంజుతున్నయి."

నాకు నవ్వు ఆగేది కాదు. అత్త మీదికి వంగి దాచుకునేదాన్ని. ఎదురింటామె పోయాక ఆపా లేచి, కొంగు దోపుకుని, నా చేతిలోంచి తట్ట తీసుకునేది. "అక్కా, మడిగెల కిరాయి జర పెంచాల్నంటవా?" అనేది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ నవ్వుల్లో మా అత్త కూడా ఉండేది.

చుట్టాలకు ఇచ్చే పింగాణీ కప్పులో ఆమెకు చాయ్ ఆ వేళల్లోనే దొరికేది. మామూలప్పుడు స్టీలు గ్లాసు, అది కూడా బయట దండెం పక్క గూట్లో ఉండేది. అది ఆమెకు తెలుసు. "ఇయ్యాల ఇద్దరు వచ్చిన్రు, రెండు కప్పులు తాగిన" అనేది. నవ్వుతూనే అనేది. నేను నవ్వాను తప్ప గ్లాసు లోపలికి తేలేదు.

ఒక సంగతి చెప్పకుండా దాటిపోవాలనిపిస్తుంది, కానీ చెప్పాలి. నేను ఇప్పుడు ఈ అక్షరాలు రాస్తున్నానంటే ఆమె ఇచ్చిన మధ్యాహ్నాల వల్లే. మా వాడ బడిలో ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారని తెలిసి నేను తటపటాయిస్తుంటే, "పో అక్కా. అవ్వను నేను చూస్కుంట. రెండు గంటల్ల అవ్వ ఏడికి పోదు" అని పంపింది. నువ్వూ రా అంటే రాలేదు. "ఇద్దరం పోతే ఈమెకెవరు?" అంది. నేను వచ్చాక ఆ రోజు నేర్చుకున్నది చదివి వినిపించమనేది. తప్పు చదివినా ఆమెకు తెలియదు. అయినా "మంచిగ చదివినవ్" అనేది.

వానాకాలం, ఒక పొద్దున. అత్తను స్నానం చేయించి మంచం మీదికి చేరుస్తున్నాం. నేల తడిగా ఉంది. ఆపా అత్త చంకల కింద చేతులు వేసి, మోకాళ్ళు వంచి, "ఏక్, దో" అని లేపింది. అత్త బరువంతా ఆమె మీద ఉంది. గేటు టంగుమంది.

ఆపా నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు కాదు, ఆగు అని. ఎత్తిన మనిషిని మధ్యలో మార్చకూడదని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. నేను ఆగలేదు. అవతలి వైపు నుంచి నా చేతులు దూర్చి, "నేను పట్టుకున్న, నువ్వు పో, పో" అన్నాను. నా గొంతులో ఏం విన్నదో, ఆమె ఒక చెయ్యి వదిలింది. నా నడుము నిలవలేదు. అత్త జారింది. ఆపా కుర్చీ వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుని, పడుతున్న అత్త కిందికి తన ఒళ్ళు అడ్డం పెట్టింది. ఇద్దరూ పడ్డారు. పచ్చి కొమ్మ విరిచిన చప్పుడు వచ్చింది.

అత్తకు గీత కూడా పడలేదు. ఆమెను లేపి మంచానికి ఆనించేలోగా ఎదురింటామె లోపలికి వచ్చింది. ఆమె చూసింది ఇది: కోడలు అత్తను పొదివి పట్టుకుని ఉంది, చుట్టం నేల మీద పడి ఉంది.

"అయ్యో, జారి పడ్డరా ఆపా?"

ఆపా పెదవులు తెల్లబడ్డాయి. "అవును చెల్లె. తడి జూడలె" అంది.

జనగామ దవాఖానలో రాసుకునే అతను నన్ను అడిగాడు. "ఎట్ల పడ్డదమ్మా? నీకేమైతది?"

"చుట్టపుచూపుగ వచ్చింది సారూ. జారి పడ్డది."

అతను రాసుకుని, కింద సంతకం పెట్టమన్నాడు. వేలిముద్ర పెట్టే అవసరం లేకుండా నా పేరు నేను రాసిన మొదటి కాగితం అది.

తొడ ఎముక పైభాగాన విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేస్తేనే మళ్ళీ నడుస్తుందని, వరంగల్ తీసుకుపొమ్మని చెప్పారు. అక్కడ రేషన్ కార్డు అడిగారు. ఆమె పేరు రేగొండలో భర్త కార్డులో ఉండేది. అతను పోయాక అక్కడ తీసేశారు. జఫర్‌గఢ్‌లో తమ్ముని కార్డులో ఎక్కించనేలేదు. పేరు ఎక్కేదాకా సర్కారు వైద్యం వర్తించదన్నారు. అంతదాకా ఎముక ఆగదు. సొంతంగా పెట్టుకుంటే చేస్తామన్నారు. తమ్ముడు ఆమెను ఇంటికి తీసుకుపోయి వెదురుబద్దల కట్టు కట్టించి, మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, మీ అమ్మను లేపబోయే పడ్డది. సగం మీరు పెట్టుండ్రి. సగం నేను మిషను అమ్మి పెడ్త."

మా ఆయన "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో లేదు అనడానికి అది మర్యాద మాట. రెండోసారి వచ్చినా చూద్దామే. మూడోసారి అతను మా వాడ పెద్దమనుషుల దగ్గరికి పోయాడు.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందే కూర్చున్నారు. చెల్పూరు నుంచి మరిది, అతని భార్య వచ్చారు. తల్లి పేరు మీద పంచాయితీ అని తెలిసి వచ్చారు. ఆపాను ఆటోలో తెచ్చి, ఎత్తి కూర్చోబెట్టారు. ఎవరో లోపలి నుంచి ఆ ప్లాస్టిక్ కుర్చీయే తెచ్చి వేశారు. ఇప్పుడామె కాలు మీద కాలు వేసుకోలేదు. కట్టు కట్టిన కాలు కర్రలాగా ముందుకు చాచి ఉంది.

పెద్దమనిషి ముందు ఎదురింటామెను అడిగాడు. "రోజు చూసేదానివి, నువ్వు చెప్పమ్మా."

"అబద్ధమెందుకు చెప్పాలె అన్నా? నేను పోయినప్పుడల్ల ఈమె కుర్చీల కూసొని చాయ్ తాగుతుండె. ఎత్తుడు, కడుగుడు, పియ్యి తీసుడు, అంత కోడలే. ఈమెకు పని చేసే గతేంది? వరంగల్‌ల మడిగెలున్నయని నాతోనే చెప్పె."

"మడిగెలా?" తమ్ముడు అదిరిపడ్డాడు. "మాకు కట్టుకున్న ఇల్లే లేదన్నా! మా అక్క చేతులు జూడుండ్రి. ఫినాయిల్‌కు ఎట్ల పగిలినయో జూడుండ్రి."

"చేతులు అందరికి పగుల్తయి తమ్మీ," అన్నాడు పెద్దమనిషి. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీ మాట మీదనే పోతం. ఈమెను జీతానికి పెట్టుకున్నవా?"

అందరూ నన్ను చూశారు. మరిది చూశాడు. రెండేళ్ళు తాను ఎవరి కష్టానికి పంపాడో అతనికి తెలియదు. అతని భార్య నా పక్కనే నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. మా ఆయన నేల చూస్తున్నాడు. ఆపా మాత్రం చూడలేదు. గేటు వైపు చూస్తోంది.

ఒక్క మాట చాలు. ఊఁ అంటే చాలు. అప్పటికి ఆమె కాలు ఇంకా దక్కేది.

"జీతమేంది అన్నా," అన్నాను. "ఆపా మా ఇంటి మనిషి."

ఎంత మంచి మాటో చూడండి. తోడికోడలు నా భుజం నొక్కింది. ఎదురింటామె కళ్ళు తుడుచుకుంది. పెద్దమనిషి తల ఊపి ఆపా వైపు తిరిగాడు.

"నువ్వేమంటవమ్మా?"

ఆమె అప్పుడు నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్ళు నాకు ఇంత బాధ ఉండేది కాదు. చేతిలో తట్ట నాకిచ్చేటప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూసింది.

"అక్క చెప్పింది గద. అదే."

"అక్కా!" అని తమ్ముడు అరిచాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఎందుకు అట్లా చెప్పిందని చాలా ఆలోచించాను. ఒక ఇంటి గుట్టు బయటపెడితే జనగామలో ఇంకే ఇల్లూ పిలవదని భయపడి ఉండాలి. కాలు బాగై మళ్ళీ పని చేస్తానని ఆమెకు ఇంకా ఆశ ఉందన్నమాట. లేకపోతే మొదటి రోజు గుమ్మంలో నాకిచ్చిన మాట కోసం. ఏదైనా నన్ను కాపాడింది ఆమే. పడిపోతున్న అత్త కిందికి వచ్చినట్టే నా కిందికీ వచ్చింది.

పెద్దమనుషులు తీర్పు చెప్పారు. పని చేసింది లేదు, చేయించుకున్నది లేదు. కానీ మీ గడపలో పడింది కాబట్టి ధర్మంగా ఎంతోకొంత ఇవ్వండి. మా ఆయన లోపలికి పోయి తెచ్చాడు. అది ఆపరేషన్‌కు చాలదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎముక వెదురుబద్దల్లోనే వంకరగా అతుక్కుంది. ఆ తరువాత నాలుగేళ్ళు, పోయేదాకా, ఆమె తమ్ముని వాకిట్లో చేతుల మీద జరుగుతూ తిరిగిందట. నేను చూడడానికి పోలేదు. జనగామ నుంచి జఫర్‌గఢ్ ఎంత దగ్గరో ఎవరినైనా అడగండి.

మా ఆయన ఆ నోట్లు ఆమెకు ఇవ్వబోతుంటే పెద్దమనిషి ఆపాడు. "నువ్వు కాదు. కోడలి చేత ఇప్పియ్యి. సేవ చేసిన చెయ్యి అది."

నేను ఇచ్చాను. ఆపా రెండు చేతులూ చాచి తీసుకుంది. కళ్ళకు అద్దుకుంది. నలుగురికీ వినపడేట్టు, "అల్లా మిమ్ముల సల్లగ జూడాలె. మీ పిల్లలు సల్లగుండాలె" అంది. శుక్రవారం పూట గుమ్మాల ముందుకు వచ్చి అడుక్కునేవాళ్ళు అనే మాట అది.

రెండేళ్ళు ఆమె నా చేతి నుంచి జీతం తీసుకుంది. ఒక్క నెలా నన్ను దీవించలేదు. అక్కడే నిలబడి నోట్లు చూసుకుని, తక్కువైతే, "ఐతారం గూడ వచ్చిన గద అక్కా, అదేది?" అని అడిగేది. నేను ఇచ్చేదాకా కదిలేది కాదు.

ఆ రోజు ఆమె చూసుకోలేదు. నోట్లను అట్లాగే మడిచి కొంగున కట్టుకుంది.